మిలిటరీ బండికి సన్‌రూఫ్

కిషన్‌బాగ్‌లో ఎల్లయ్య పాలకొట్టం ముందు క్రేను ఆ బండిని దించినప్పుడు, అందరికంటే ముందు నోరు తెరిచింది అతని భార్య సుశీలమ్మ.

"ఏ యుద్ధంల ఓడిపోయి వచ్చిందయ్యా గిది?"

దున్నపోతు మీద వాన కురిసినట్టు నిలబడటం ఎల్లయ్య దున్నపోతుల దగ్గరే నేర్చుకున్నాడు. అది మిలిటరీవాళ్లు వాడి వాడి వేలానికి పెట్టిన పికప్ బండి. ఆకుపచ్చ రంగు పెచ్చులుగా లేచింది. నాలుగు టైర్లూ నాలుగు రకాలుగా కూలబడ్డాయి. స్టీరింగు పక్కన రేకుముక్క మీద 'గంటకు నలభై దాటరాదు' అని హిందీలో రాసి ఉంది. పదిమంది తోసినా నాలుగు దాటేలా లేదు. ఎల్లయ్య మాత్రం దాని బానెట్ మీద చెయ్యి వేసి మీసం తిప్పాడు.

"సర్హద్ మీద సిపాయిలను మోసిన బండి ఇది. ఇగ మన కోత్వాల్‌ను మోస్తది."

కోత్వాల్ ఎల్లయ్య దున్న పేరు. దీపావళి వెళ్లాక వచ్చే సదర్ పండుగకు వాళ్ల పేటల్లో పాలవ్యాపారం చేసే ఇళ్లన్నీ దున్నలను ముస్తాబు చేస్తాయి. ఒంటికి వెన్న రాసి నిగనిగలాడిస్తారు, కొమ్ములకు రంగులేస్తారు, మెడలో గవ్వల పట్టీలు కడతారు. డప్పులతో మైదానానికి తోలుకుపోతారు. అక్కడ తీన్మార్ దరువు పడగానే దున్న ముందుకాళ్లు లేపి వెనకకాళ్ల మీద నిలబడాలి. దానికి సలాం అని పేరు. ఆ మైదానంలో మొదటి సలాం ఎల్లయ్య తండ్రి కాలం నుంచి ఎల్లయ్య ఇంటిదే. మొదటి సలాం కొట్టించిన ఇంటికి అందరి ముందూ ఎర్ర పగిడీ చుడతారు.

ఎల్లయ్య గొప్పతనమంతా ఆ పగిడీలోనే ఉంది. చదువు అబ్బలేదు. రాజకీయం కలిసిరాలేదు. కార్పొరేటర్ టికెట్ అడగబోతే పార్టీ ఆఫీసులో టీ తాగించి పంపేశారు, ఆ టీలో పాలు కూడా ఇతను పోసినవే. ఇంట్లో అతని మాట చెల్లుబాటు గురించి చెప్పుకోకపోవడమే మర్యాద. సంవత్సరమంతా ఎలా గడిచినా, సదర్ రోజు సాయంత్రం మాత్రం ఎల్లయ్య ఎల్లయ్యలా ఉండేవాడు.

అలాంటిది ఎండాకాలంలో కోత్వాల్ కుడి ముందుకాలి గిట్ట పగిలింది. చీము పట్టి కుంటడం మొదలుపెట్టింది. ఆ కబురు సైదాబాద్ దాకా పోయింది. సైదాబాద్‌లో సుశీలమ్మ తమ్ముడు బాలనర్సింహ ఉంటాడు. అతనిదీ పాల వ్యాపారమే, పైగా హర్యానా నుంచి తెప్పించిన పైల్వాన్ అనే దున్న ఒకటి. తన మనవడి పుట్టెంట్రుకల దావత్‌లో అతను బావ పక్కన కూర్చుని, మాంసం వడ్డించి మరీ మొదలుపెట్టాడు.

"బావా, కోత్వాల్ కుంటుతుండట గద? పాపం, ముసలోడయిండు. ఈసారి మొదటి సలాం మా పైల్వాన్‌తోని కొట్టిపిద్దాం. నువ్వేం ఫికర్ చెయ్యకు. ముందల కుర్చీ ఏపిస్త, కూసోని చూద్దువు."

సలాం పోతుందన్నదానికంటే కుర్చీ అన్న మాట ఎక్కువ కాల్చింది. ఎల్లయ్య చేతిలో ఎముకతోనే లేచి నిలబడ్డాడు.

"నా కోత్వాల్ నడిచి రాడు రా, బండెక్కి వస్తడు! సొంత బండి! అందరికన్న ముందుగాల సలాం కొడ్తడు. కొట్టకుంటే మొదటి సలాం నీదే. ఈ ఒక్క ఏడు కాదు, మల్ల నా ఇల్లు అడగదు!"

ఎదురు బంతిలో సదర్ కమిటీ పెద్ద కైలాసం ఉన్నాడు. "మాట అయిపోయింది" అని చెప్పి ఆయన చెయ్యి కడుక్కున్నాడు.

ఇంటికి వస్తూ ఆటోలో సుశీలమ్మ అంది. "పొద్దుగాల లేచి, తాగి అన్న అని చెప్పు. వాడు నా తమ్ముడే గద, ఇడిచిపెడ్తడు."

"నేను తాగలే."

"గదే నా ఫికర్."

అలా వచ్చింది మిలిటరీ బండి. దాన్ని ఈడ్చుకుని ఎల్లయ్య బార్కస్‌లో అవద్ భాయ్ షెడ్డుకు పోయాడు. అవద్ భాయ్ తాత ముత్తాతలు నిజాం ఫౌజులో చేరడానికి అరబ్బు దేశం నుంచి వచ్చినవాళ్లు. ఫౌజు పోయింది, సిపాయిలుండే బారకాసులు పోయాయి, పేటకు పేరు మిగిలింది. అవద్ భాయ్‌కి ఫౌజు సామానంటే భక్తి మిగిలింది. అతను సుత్తి తీసుకుని బండి కప్పు మీద ఒక్కటి కొట్టాడు, చెవి ఆనించి విన్నాడు.

"క్యా చాదర్ హై! ఎల్లయ్య భాయ్, గిప్పటి బండ్ల రేకులు పాపడాలు. యే ఫౌజీ చాదర్. దీన్కి ఏం కాదు. ఇంజన్ మాత్రం మయ్యత్ అయింది, పానం లేదు, తీసెయ్యాలె."

పెట్రోలు తాగే పాత ఇంజన్ తీసి డీజిల్ ఇంజన్ ఎక్కించాడు. స్టీరింగు తిప్పడానికి ఇద్దరు కావలసి వచ్చేది, దానికి పవర్ స్టీరింగ్ పెట్టాడు. కోత్వాల్ బరువు గుర్తుపెట్టుకుని వెనక కమాన్ పట్టీలకు ఇంకో పట్టీ చేర్చాడు. తొట్టిలో రబ్బరు చాపలు పరిచాడు, వెనకాల ఏటవాలు పలక కట్టి దున్న ఎక్కడానికి ర్యాంపు చేశాడు. ఇంతవరకూ ఎవరూ వంక పెట్టలేని పనే. ఎల్లయ్య రోజూ పొద్దున పాలు పితకగానే బార్కస్ పోయి, షెడ్డు ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. అసలు గొడవ ఆ కుర్చీలోంచి పుట్టింది. ఖాళీగా కూర్చున్న మనిషికి ఆలోచనలు వస్తాయి.

మొదటి ఆలోచన రంగు. సొంత బండికి మిలిటరీ పచ్చ ఉండకూడదని ఆర్టీవో ఆఫీసులో చెప్పారు. ఎల్లయ్య నలుపు అన్నాడు. ఏ నలుపని అవద్ భాయ్ అడిగాడు. ఎల్లయ్య అతన్ని స్కూటర్ మీద ఎక్కించుకుని కిషన్‌బాగ్ తీసుకొచ్చి కోత్వాల్ ముందు నిలబెట్టాడు.

"గీ నలుపు. అట్లిట్ల కాదు, వెన్న రాసినంక ఎట్లుంటదో గట్ల."

ఇద్దరూ దున్న వీపు మీద వెన్న పూసి, ఎండలోకి తిప్పి, నీడలోకి తిప్పి అరగంట చూశారు. ఆ పక్కనే సుశీలమ్మ నేలమీద కూర్చుని, కోత్వాల్ గిట్ట ఒళ్లో పెట్టుకుని, వేపాకు నీళ్లతో కడిగి పసుపు నూనె గుడ్డ కడుతోంది. వీపు చూసినవాళ్లు కాలు చూడలేదు. "జర జరుగు, నీడ పడుతున్నది" అని మాత్రం ఎల్లయ్య ఆమెకు చెప్పాడు.

రెండో ఆలోచన సన్‌రూఫ్. బాలనర్సింహ కొడుకు కారుకు అది ఉంది. ఒక పెళ్లి బారాత్‌లో కుర్రాడు అందులోంచి నడుము దాకా లేచి చేతులు ఊపుతుంటే ఎల్లయ్య చూశాడు. అప్పటి నుంచి అతనికి కన్ను మూస్తే అదే. మెడలో దండ, వెనకాల కోత్వాల్, ముందు జనం, మధ్యలో బండి కప్పులోంచి పైకి లేచిన తను.

"నక్కో భాయ్," అన్నాడు అవద్ భాయ్, నిజంగా బాధపడుతూ. "ఫౌజీ చాదర్‌ను కోస్తే గునా తగులుతది. సన్‌రూఫ్ అంటే షౌకీన్ పోరగాళ్లకు. మిలిటరీ బండికి కైకు?"

"నేను షౌకీన్ కాదా?"

అవద్ భాయ్ ఎల్లయ్యను తలనుంచి కాళ్లదాకా చూసి, మర్యాద తెలిసినవాడు కాబట్టి, గ్యాస్ కట్టర్ వెలిగించాడు. కోసినచోట బలం పోకుండా రంధ్రం చుట్టూ లోపలివైపు లావుపాటి ఇనుప పైపు వంచి వెల్డింగ్ పెట్టాడు. పనంతా అయ్యాక చెవులు పట్టుకుని పైకి చూసి క్షమాపణ చెప్పుకున్నాడు.

దసరా రోజు ఎల్లయ్య పండుగ భోజనానికి ఇంటికి వస్తే, సుశీలమ్మ వడ్డిస్తూ చెప్పింది.

"కోత్వాల్ కాలు మంచిగయింది. నిన్న గేటు దాక నడిపిచ్చిన. కుంటుత లేడు. బండి గిండి ఎందుకు, నడిపిచ్చుకుంట తీస్కపో."

ఎల్లయ్య ముద్ద పక్కన పెట్టాడు. ఆమె తమ్ముడి పక్షం తీసుకుందనుకున్నాడు. బండి పూర్తికాకుండా ఆపడానికి అక్కా తమ్ముడూ ఫోన్లో మాట్లాడుకుని ఆడుతున్న నాటకం అనుకున్నాడు.

"నువ్వు కాలు చూస్కో. నేను బండి చూస్కుంట."

"గది చూసే చెప్తున్న గద."

"బండెక్కి వస్తడని మాట ఇచ్చిన. నడిస్తే మాట పోతది."

సుశీలమ్మ ఇంకో గరిటె పప్పు వేసింది. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే మనిషికి ఎంతని చెప్తుంది.

మూడో ఆలోచన హారన్. అసలు హారన్ మూలుగుతోందని, పాటల హారన్ పెట్టమన్నాడు ఎల్లయ్య. అవద్ భాయ్ రకరకాలు వినిపించాడు. ఏడుపులా ఉందని ఒకటి, పోలీసుబండిలా ఉందని ఒకటి కొట్టేశాక, తీన్మార్ దరువు కొట్టేది ఒకటి మోగింది. షెడ్డులో ఉన్న కుర్రాళ్లు అక్కడికక్కడే నాలుగు స్టెప్పులు వేశారు. ఎల్లయ్య కళ్లు చెమర్చాయి. "గిదే," అన్నాడు. సదర్‌కు తీన్మార్ కాక ఇంకేం ఉంటుంది?

బండి తయారయింది. కానీ ఎల్లయ్య దాన్ని ఇంటికి తేలేదు. కిషన్‌బాగ్ కళ్లు మంచివి కావు, దిష్టి తగులుతుంది, సదర్ రోజే నేరుగా రావాలి అన్నాడు. తాటిపత్రి కప్పి, బంపరుకు నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టి షెడ్డులోనే ఉంచాడు. అందుకని హారన్ బార్కస్‌లో ఉండిపోయింది, దున్న కిషన్‌బాగ్‌లో ఉండిపోయింది. దూడగా ఉన్నప్పటి నుంచి తీన్మార్ వినబడితే లేచి నిలబడమని కోత్వాల్‌కు నేర్పింది ఎల్లయ్యే. ఆ సంగతి మాత్రం అతనికి గుర్తు రాలేదు.

సదర్ రోజు పొద్దు వాలకముందే బండి వచ్చింది. నల్లగా, నిగనిగలాడుతూ, నిజంగానే వెన్న రాసిన దున్నలా ఉంది. టైర్ల కింద నిమ్మకాయలు నలిగాయి, గుమ్మడికాయ పగిలింది. కాళ్లకు గజ్జెలు కట్టిన కోత్వాల్‌ను సుశీలమ్మ తాడు పట్టి తీసుకొస్తే, ఆగకుండా, తూలకుండా ర్యాంపు ఎక్కి తొట్టిలో నిలబడింది.

"చూసినవా ర్యాంపు మహిమ!" అన్నాడు ఎల్లయ్య.

సుశీలమ్మ వెన్నడబ్బా పట్టుకుని ముందు సీటులో కూర్చుంది. స్టీరింగు అవద్ భాయ్‌ది. ఎల్లయ్య తెల్ల లాల్చీ, మెడలో బంతిపూల దండతో సీటు మీదికెక్కి సన్‌రూఫ్‌లోంచి పైకి లేచాడు. దారి పొడుగునా చేతులు ఊపాడు. తెలిసినవాళ్లకు ఊపాడు, తెలియనివాళ్లకు ఇంకా ఎక్కువ ఊపాడు. మెడ వెనక కోత్వాల్ ఊపిరి వెచ్చగా తగులుతుంటే, ఇంతకంటే మనిషికి ఏం కావాలి అనుకున్నాడు.

మైదానం గేటు దగ్గర ముందు టైర్లు లోపలికి పెట్టేసరికి ఐస్‌క్రీం బండి ఒకటి అడ్డం వచ్చింది. లోపల అవతలి చివర పైల్వాన్‌కు బాలనర్సింహ మనుషులు ఇంకా వెన్న రాస్తున్నారు. బావను చూసి బాలనర్సింహ పక్కకు పిలిచినట్టు ఒక ప్లాస్టిక్ కుర్చీ వైపు చెయ్యి చూపించాడు. ఎల్లయ్యకు ఒళ్లు మండింది.

"అవద్ భాయ్! హారన్ కొట్టు! అందరికి తెల్వాలె!"

అవద్ భాయ్ కొట్టాడు.

ఎల్లయ్యకు మొదట తెలిసింది నీడ. తన మీద, బానెట్ మీద, ఐస్‌క్రీం బండి మీద కూడా పడింది. వెనక్కి తిరిగితే ఆకాశం కనబడాల్సిన చోట దున్న రొమ్ము కనబడింది. "అవ్వో!" అని సన్‌రూఫ్‌లోంచి కిందికి జారిపోయాడు. కోత్వాల్ ఎడమ గిట్ట బండి కప్పు మీద ధనామని పడింది. కుడికాలు, అప్పటిదాకా ఎల్లయ్య నిలబడ్డ రంధ్రంలోంచి, మోకాలి దాకా లోపలికి దిగి వేలాడింది. పోతూ పోతూ ఎల్లయ్య దండ కూడా దానికే పడింది.

"చాదర్ వంగలే!" అని అరిచాడు అవద్ భాయ్, బ్రేకు తొక్కుతూ. "దేఖా? ఫౌజీ చాదర్!"

"చాదర్ మన్నుల కలవ, కాలు చూడుర్రి!" అంది సుశీలమ్మ. "ఊగిందంటే పైపు అంచుకు తగిలి ఇరుగుతది!"

సీటుకీ డాష్‌బోర్డుకీ మధ్య చుట్టలు చుట్టుకుని పడ్డ ఎల్లయ్య ఆ మాటకు లేచి, గిట్ట కింద భుజం పెట్టి, కాలును రెండు చేతులతో కావలించుకున్నాడు. బయట జనం ఒక్కసారి హోరెత్తారు. బండి మీద వెనకకాళ్లపై నిలబడి, కప్పు మీద కాలు పెట్టి సలాం కొట్టిన దున్నను వాళ్లు పుట్టి ఎరగరు. హారన్ దరువు ఆగకముందే మైదానంలోని డప్పులన్నీ అదే దరువు అందుకున్నాయి. మైకులో కైలాసం గొంతు వినబడింది.

"మొదటి సలాం! కిషన్‌బాగ్ కోత్వాల్! మాట ఇచ్చినట్టే బండెక్కి కొట్టిండు! ఎల్లయ్యా, ఎక్కడున్నవయ్యా? రా, పగిడీ చుట్టాలె!"

డప్పులు మోగుతున్నంతసేపు కోత్వాల్ దిగదు. దానికి నేర్పిందే అది. పైన దాని వెనకకాళ్లు వణుకుతుంటే బండంతా వణుకుతోంది.

"నేను పోయి డప్పులు ఆపిపిస్త," అని సుశీలమ్మ తలుపు తెరిచింది.

"నేను పోత! పగిడీ నాది!"

"పో మరి. కాలు ఇడిచిపెట్టి పో."

తెరిచిన తలుపులోంచి ఎల్లయ్యకు అంతా కనబడింది. ఎర్ర పగిడీ గుడ్డ పట్టుకుని నిలబడ్డ కైలాసం, మెడలు సాచి తనకోసం వెతుకుతున్న జనం, మొహం మాడ్చుకున్న బాలనర్సింహ. ఆరు నెలలు కుర్చీ వేసుకుని కూర్చుని కలగన్నది ఇదే. పదడుగులు వేస్తే అతనిది. భుజం మీద కోత్వాల్ బరువు సన్నగా అదిరింది. ఎల్లయ్యకు ఏడుపొచ్చింది. గట్టిగానే ఏడ్చాడు, డప్పుల్లో ఎవరికీ వినబడలేదు. కాలు మాత్రం విడవలేదు.

సుశీలమ్మ జనాన్ని తోసుకుని వేదిక ఎక్కింది. "కైలాసం బాపూ, ముందుగాల డప్పులు ఆపుర్రి!"

"పగిడీ చుట్టేదాక డప్పు ఆపద్దమ్మా, ఆచారం. ఎల్లయ్య ఏడి?"

"వస్తలేడు. నా నెత్తికే చుట్టుర్రి, జల్ది!"

"ఆడోళ్లకా?"

"ఆ దున్నకు గడ్డి ఏసేది ఎవరు, నువ్వా?"

కైలాసం పగిడీ గుడ్డ ముందుకు చాపాడు. ఆచారం ప్రకారం పగిడీ చుట్టాల్సింది రెండో సలాం ఇంటివాళ్లు. అంటే బాలనర్సింహ. అతను అక్క నెత్తి మీద గుడ్డ పెట్టి, ఒక మడత వేసి, అది ఊడితే మళ్లీ మొదలుపెట్టాడు.

"తమ్మీ, పగిడీ చుడుతున్నవా, చీర కడుతున్నవా? కానియ్!"

చుట్టాడు. డప్పులు ఆగాయి.

లోపల ఎల్లయ్య వెన్నడబ్బా అందుకుని కోత్వాల్ కాలికి మోకాలి నుంచి కిందికి వెన్న రాయడం మొదలుపెట్టాడు, జారి బయటికి పోవడానికి. రాస్తూ రాస్తూ గిట్ట దగ్గరికి వచ్చి ఆగాడు. ఎండాకాలంలో వేలు దూరేంత పగులు ఉన్నచోట ఇప్పుడు గీత కూడా లేదు. గిట్ట కొత్తగా, గట్టిగా, నున్నగా పెరిగింది. చీము పట్టినచోట బొటనవేలితో నొక్కాడు. కోత్వాల్ కదల్లేదు. ఇంకా గట్టిగా నొక్కాడు. దానికి చీమ కుట్టినట్టు కూడా లేదు.

గేటు దాక నడిపిచ్చిన, కుంటుత లేడు అని దసరా నాడు పప్పు వడ్డిస్తూ ఆమె చెప్పిన మాట ఎల్లయ్యకు అప్పుడు వినబడింది. ఇంజన్, కమాన్ పట్టీ, ర్యాంపు, ఫౌజీ చాదర్‌కు పెట్టిన చిల్లు, ఏదీ అక్కర్లేదు. దున్న నడిచి వచ్చేది. ఇన్నాళ్లూ ఒక్కసారి వంగి కాలు చూస్తే సరిపోయేది. సిగ్గుతో అతని చెవులు కాలాయి.

"లే బిడ్డా," అని గిట్టను పైకి నెట్టాడు. వెన్న రాసిన కాలు జర్రున జారి పైకి పోయింది. కోత్వాల్ తొట్టిలో నాలుగు కాళ్ల మీద దిగి, పెద్దగా నిట్టూర్చి, అవద్ భాయ్ ఆరు నెలలు తుడిచిన రబ్బరు చాపల మీద పేడ వేసింది.

తిరుగుప్రయాణంలో కోత్వాల్ ఎంత బతిమాలినా ర్యాంపు ఎక్కలేదు. కాబట్టి నడిచింది. గజ్జెలు మోగించుకుంటూ, కుంటకుండా, రోడ్డు మధ్యలో దర్జాగా నడిచింది. తాడు పట్టుకుని పక్కన ఎల్లయ్య నడిచాడు. లాల్చీ అంతా వెన్న, ఒక చెప్పు బండిలోనే పోయింది, దోక్కుపోయిన మోకాలు పీకుతోంది. వాళ్ల వెనక మిలిటరీ బండి మెల్లగా వస్తోంది. కాళ్లు నొప్పులని సీటు ఎక్కిన సుశీలమ్మ, గాలి ఆడటం లేదని సన్‌రూఫ్‌లోంచి లేచి నిలబడింది. నెత్తిన ఎర్ర పగిడీ. దారి పక్క జనం చేతులు ఊపితే ఆమె కూడా ఊపింది. ఊపడం ఎల్లయ్య కంటే ఆమెకే బాగా వచ్చు.

"అవద్ భాయ్, హారన్ మీదికెళ్లి చెయ్యి తియ్," అని ఆమె పైనుంచి కప్పు మీద తట్టింది. తర్వాత ముందుకు పిలిచింది. "ఏమయ్యా! కాలు ఎట్లున్నది?"

"ఎవరిది?"

"కోత్వాల్‌ది."

"మంచిగున్నది."

"ఎప్పటిసంది?"

ఎల్లయ్య నడుస్తూనే వంగి కోత్వాల్ కాలు చూశాడు. కోత్వాల్ గజ్జెలు ఒక్క అడుగు కూడా తప్పకుండా మోగుతున్నాయి.

"నువ్వు చెప్పిన దసరా సంది," అన్నాడు.